రాజన్న అడిగిన మాట

దయ్యాల కబుర్లు మొదలైతే నేను లేచి వెళ్లిపోయే రకం. ఇప్పటికీ అంతే. అందుకే దీన్ని దయ్యం కథ అనడం లేదు. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు రాస్తున్నాను. రోజూ డైరీ రాసే అలవాటు ఉండటం వల్ల చిన్న వివరాలు కూడా మరుగున పడలేదు.

తొంభైల నడుమ బహ్రెయిన్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరుగా ఉండేవాణ్ణి. మాది తెనాలి. శుక్రవారం స్కూలుకు సెలవు. ఆ పొద్దున మనామాలో ఒక దర్జీ దుకాణం పై గదిలో మనవాళ్లకు మాట్లాడే ఇంగ్లీషు నేర్పేవాణ్ణి.

నా పద్ధతి ఒకటే. పనిలో తనకు అవసరమైన మాట ఏదో ఎవరైనా తెచ్చి అడగాలి. దాన్ని నేను ఇంగ్లీషులో చెబుతాను. అడిగినవాడే ముందు పలకాలి, తర్వాత అందరూ. ఈ నియమం ఎవరికీ సడలించలేదు.

అందరిలోకీ గట్టిగా పలికేది రాజన్న. జగిత్యాల వైపు మనిషి. సల్మాబాద్‌లో లారీలు బాగుచేసే షెడ్డులో పని. అతని బామ్మర్ది గంగారాం కూడా అక్కడే, లారీ కింద దూరి పనిచేసేవాడు. ఓవర్‌టైం వల్ల రాజన్న కొన్ని వారాలుగా క్లాసుకు రావడం లేదు.

ఒక శుక్రవారం పాఠం మధ్యలో తలెత్తి చూస్తే చివరి కుర్చీలో ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో గమనించలేదు. ఒంటి మీద డ్యూటీ బట్టలే.

“సార్, ‘ఆపు, బండి కింద మనిషున్నడు’ అని ఇంగ్లీషుల ఎట్లనాలె?”

ఎందుకని అడిగాను.

“బండి తోలెటోడు ఫిలిప్పీన్సోడు సార్. హిందీ రాదు. మా గంగారాం కిందనే ఉంటడు గద.”

ఆ రోజు నాకు గొంతు బాగాలేదు. “స్టాప్!” అన్నాను. దగ్గు అడ్డొచ్చింది. దగ్గి, “మ్యాన్ అండర్ ద ట్రక్!” అన్నాను. పలకమన్నాను.

పలకలేదు. “మల్లొక్కసారి అనుండ్రి సార్. జోర్‌గ.”

మళ్లీ అన్నాను. మళ్లీ అక్కడే దగ్గు. అతను రెప్ప వేయకుండా నా నోటినే చూస్తున్నాడు. ఆ చూపుకు నాకు ఇబ్బందిగా అనిపించింది.

పక్క కుర్చీలోని హైదరాబాద్ డ్రైవర్ కరీం భాయ్ నవ్వాడు. “క్యా రాజన్నా, నోరు లేబర్ క్యాంపుల పెట్టొచ్చినవా?”

రాజన్న నవ్వలేదు. “ఆ మాట నేను రేపు అంట సార్” అన్నాడు. నేను ఆ మాట బోర్డు మీద రాసి ఇటు తిరిగేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

మరుసటి శుక్రవారం రాజన్న, గంగారాం కలిసి వచ్చారు. గంగారాం మోచేతికి కట్టు ఉంది. ఏమైందని అడిగితే రాజన్న చెప్పాడు.

“శనారం సార్. ఈడు కింద పండుకొని నట్లిప్పుతుండు. డ్రైవర్‌కు తెల్వక బండి స్టార్ట్ జేసిండు. నేను తెలుగుల మొత్తుకున్న, హిందీల మొత్తుకున్న. పొమ్మంటున్ననుకొని చెయ్యి ఊపిండు. బండి కదిలింది. అప్పుడు నా నోట్లకెల్లి ఇంగ్లీషొచ్చింది. ఆపిండు.”

“పోయిన వారం నేర్చుకున్నది అక్కరకొచ్చిందన్నమాట” అన్నాను.

రాజన్న అయోమయంగా చూశాడు. “పోయిన వారం నేనేడొచ్చిన సార్? శుక్రారం గూడ డ్యూటీయే ఉండె.”

“పొద్దుగాల్నుంచి నా పక్కకే ఉండె సార్. ఒక్క టిఫిన్ డబ్బలనే తిన్నం” అన్నాడు గంగారాం.

కరీం భాయ్ లేచి నిలబడ్డాడు. “అరే, నా బాజుల కూసున్నవ్ గదా భాయ్! నేను మజాక్ చేస్తే నవ్వకపోతివి!” అని, గంగారాం ముఖం చూసి ఆగిపోయాడు.

అబద్ధమాడే అవసరం వీళ్లలో ఎవరికీ లేదు. తర్వాత నేను సల్మాబాద్ వెళ్లి షెడ్డులో మిగతావాళ్లను కూడా అడిగాను. రాజన్న ఆ పొద్దున షెడ్డు దాటలేదనే అందరూ చెప్పారు. క్లాసులో ఉన్నవాళ్లందరూ అతన్ని చూశామనే చెప్పారు. ఆ శుక్రవారం నేను ఎవరికి పాఠం చెప్పానో ఈనాటికీ నాకు తెలియదు.

కానీ నన్ను ఇప్పటికీ వెంటాడేది అది కాదు. వాళ్లిద్దరూ కలిసి వచ్చిన రోజే క్లాసులో, ఆ మాట ఒకసారి అనమని రాజన్నను అడిగాను. లేచి నిలబడ్డాడు. “స్టాప్!” అన్నాడు. దగ్గాడు. “మ్యాన్ అండర్ ద ట్రక్!”

“జలుబు చేసిందా?” అన్నాను.

“లేదు సార్. ఆ మాట నడుమ అట్లనే వస్తున్నది. శనారం బండి కాడ గూడ వచ్చింది.”

నా నియమం ప్రకారం తర్వాత అందరూ పలకాలి. ఎవరూ పలకలేదు. పలకమని నేనూ అనలేకపోయాను.