ఊడవని జాగా

మా మామ పోయాడని జనగామ నుంచి పొద్దున రైలుకు వచ్చిన వాళ్ల పక్కింటాయన చెప్పాడు. మానుకోటలో నేను అప్పుడే దుకాణం తెరుస్తున్నాను. తెరిచిన తలుపు మళ్లీ మూశాను. "షెడ్డు తాళంచెవి ఇంక ఆయన మొలతాడుకే ఉన్నది. ఎవలం తియ్యలే" అన్నాడాయన.

మామ అంటే మా అమ్మకు అన్న. జనగామలోని ఆ షెడ్డులో మా తాత, ఇద్దరు మామలు కార్లు కట్టేవారు. పెద్ద కర్మాగారం అనుకునేరు! పాత ఇంజన్లు తెచ్చి, టేకు చట్రం బిగించి, రేకును సుత్తితో వంచి కారు చేసేవారు. ఒక్క కారుకు నెలలు పట్టేవి. "రేకును కొట్టకు బిడ్డా, బుజ్జగించు" అనేవాడు మామ. దుకాణంలో గిరాకీలతో నేను ఇప్పటికీ ఆ మాట మీదే నెట్టుకొస్తున్నాను.

ఫ్యాక్టరీ బండ్లు రోడ్డెక్కాక మా కార్లను అడిగే దిక్కు లేకపోయింది. మామ షెడ్డు మాత్రం మూయలేదు. అచ్చులు, సుత్తులు, రబ్బరు బుడ్డి హారన్లు గోడల వెంట పేర్చి మ్యూజియం అన్నాడు. తలుపు పక్కనే బయ్యారం ఇనుపరాయి పెట్టాడు. "గిది మన కార్ల ముత్తాత" అని దానికి దండం పెట్టించేవాడు. వచ్చేవాళ్లే తక్కువ. వానకు తలదాచుకోను వచ్చినవాళ్లకు కూడా అన్నీ చూపించేవాడు, వాన వెలిసినా వదిలేవాడు కాదు.

ఒకసారి పిల్లలను తీసుకొచ్చిన పంతులు, షెడ్డు నడుమ ఖాళీ జాగా చూసి, "అన్నీ అద్దంలా తుడిచి ఇక్కడ మాత్రం ఊడవలేదేమండీ?" అని అడిగాడు.

"కబురు రాలె సార్" అన్నాడు మామ.

మా ఇంటి రివాజు అది. కారు షెడ్డు దాటేటప్పుడు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేవారు. చేరిందని, నడిపిన మనిషే కబురు చేసేదాకా కారు నిలిచిన ఆ జాగా ఊడ్చేవారు కాదు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో రోడ్లు బందై షెడ్డుకు సామాను రాలేదు. ఇక లారీ బాడీలు కడదామని చిన్నమామ, కడితే కార్లే కట్టాలని మామ పట్టుబట్టారు. మాటా మాటా పెరిగింది. రోడ్లు తెరిచాక పూర్తయిన కారును మొగుళ్లపల్లి ఆసామికి అప్పజెప్పడానికి చిన్నమామ తోలుకుపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. ఆ ఆసామి దగ్గరే డ్రైవరుగా ఉండిపోయాడు. మా షెడ్డులో కట్టిన ఆఖరి కారు అదే.

"బండి భూపాలపల్లి తొవ్వల తిరుగుతున్నదట, చూసినోళ్లే చెప్పిన్రు. ఇగనన్న ఊడువు అన్నా" అనేది మా అమ్మ.

"తీస్కపోయినోడు చెప్పాలె చెల్లె. వాని నోట రావాలె."

మరి తనే పోయి అడగొచ్చు కదా? అడగడు. అన్న పిలవాలని ఆయన, తమ్ముడు చెప్పాలని ఈయన. రేకును బుజ్జగించిన మనిషి తమ్ముడిని బుజ్జగించలేకపోయాడు. నాకు కోపం వచ్చేది, అంతలోనే జాలేసేది. సాయంత్రాలు ఆ జాగా ముందు స్టూలేసుకుని చాయ్ తాగేవాడు. రోడ్డు మీద మోటారు చప్పుడైతే గ్లాసు కింద పెట్టేవాడు. అది దూరమయ్యాక మళ్లీ ఎత్తేవాడు.

చిన్నమామ బస్సులు మారి వచ్చేసరికి చితి ఆరిపోయింది. ఆయనకూ తల నెరిసింది. అమ్మ షెడ్డు తాళం తీసింది. చిన్నమామ దుమ్ము ముందు చేతులు కట్టుకుని నిలబడి, "అన్నా, బండి చేరింది" అన్నాడు.

అమ్మ చీపురు తెచ్చి చేతికిచ్చింది. "ఊడువు తమ్మీ."

కూర్చునే ఊడ్చాడు. దుమ్ము కింద నాటి నిమ్మతొక్కలు నల్లగా ఎండి నేలకు అతుక్కుని ఉన్నాయి. గోటితో ఒక్కొక్కటీ తీసి బయ్యారం రాయి పక్కన పెట్టాడు.

ఆ జాగా అంత శుభ్రంగా ఉండటం నేనెన్నడూ చూడలేదు. దాని ముందు మామ స్టూలు, కింద పెట్టిన గ్లాసు అట్లాగే ఉన్నాయి.