రంగు సోంపు పళ్లెం

మా ఇంటికి ఒకటే తలుపు. అది మా అమ్మ కిరాణా దుకాణంలోకి తెరుచుకుంటుంది. శంషాబాద్ పాత ఊళ్లో గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్లకు వెనక దారులుండవు. ఎవరు బయటికి పోవాలన్నా గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూర్చున్న మా అమ్మ సత్తెమ్మ మోకాళ్లను దాటుకునే పోవాలి. "యాడికి?" అంటుంది. నాకూ, మా అన్న కొండల్‌కూ ఏదో ఒక జవాబు ఉంటుంది. మా వదిన సరితకు ఉండదు.

పెళ్లికి ముందు వదిన కొత్తూరులో మందుల ఫ్యాక్టరీలో పనిచేసేది. గోలీల పట్టీలు బెల్టు మీద కదిలిపోతుంటే, ఖాళీ గుంట ఉన్న పట్టీని పసిగట్టి పక్కకు తీయడం ఆమె పని. కాన్పు తర్వాత మళ్లీ పోతానంటే "పిల్లను ఎవరు సూడాలె, నేనా?" అంది అమ్మ. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. పిల్ల పేరు రుత్విక. ఏడాదిన్నర వయసు.

ఒకరోజు అన్నకు అన్నం పెడుతూ వదిన, "దీనికి ఎడమ కన్ను ఆనుతలేదనిపిస్తుంది," అంది.

"నీకెట్ల ఎరుక?"

వదిన మరిదినైన నా వైపు ఒకసారి, దుకాణం వైపు ఒకసారి చూసింది. "అనిపిస్తుంది."

"అనిపిస్తే అయిపాయెనా? నువ్వేమన్న డాక్టరువా?" దుకాణంలోంచి అమ్మ అందుకుంది. "విమానం పోతే ఏలు పెట్టి సూపిస్తది నా మనుమరాలు. కండ్లు లేకుంటెనే? గిప్పుడు అద్దాలు పెట్టిస్తే వాడంత సోడాబుడ్డి అని పిలుస్తరు."

ఎలా తెలిసిందో వదిన చెప్పలేదు. మా ఇంట్లో, మా ముందు, చెప్పగలిగే మాట కాదది.

పిల్లల కళ్లు చూడడానికి అంగన్‌వాడీకి దవాఖాన వాళ్లు వస్తున్నారని టీచరు చెప్పింది. చిన్న చిన్న తీపి పూసలు ముందు పెట్టి, పిల్ల చూసి ఏరుకుంటుందో లేదో చూస్తారట. మరుసటి పొద్దున్నే అమ్మ సీసాలోంచి రంగు సోంపు తీసి స్టీలు పళ్లెంలో చల్లి రుత్వికను ముందు కూర్చోబెట్టింది. "ఏరు బిడ్డా, ఎర్రది ఏరు. శభాష్." ప్రతి పొద్దునా అదే. మా ఇంట్లో పరీక్ష అంటే పాస్ కావడమే. దాన్ని ఏం తేల్చడానికి పెడతారో ఎవరికీ పట్టదు.

అంగన్‌వాడీకి వచ్చినామె పేరు ముబష్షిరా. వదిన ఈడుదే. బల్ల మీద నల్లగుడ్డ పరిచి, ఆవగింజలంతటి చక్కెర పూసలు వేసింది. వదిన ఒళ్లో కూర్చుని రుత్విక ఒక్కొక్కటే ఏరుకుని తినేసింది.

"గద్ద లెక్క ఏరింది!" అమ్మ అందరి వైపూ తిరిగి చూసింది.

"ఆగు అమ్మా, ఇప్పుడు ఒక్కొక్క కన్ను సూడాలె," అని ముబష్షిరా పిల్ల ఎడమ కంటికి పట్టీ అంటించింది. రుత్విక అలాగే ఏరుకుంది. పట్టీ తీసి కుడి కంటికి వేసింది. పిల్ల కెవ్వుమంది. తల అటూ ఇటూ కొట్టుకుంది. అమ్మ వచ్చి పట్టీ పీకేసింది.

"సంటిపిల్ల మొకం మీద గిట్ల అంటిస్తే ఏడ్వదా? నీకు అంటించాల్నా?"

"అంటించు, నేను ఏడ్వను," నవ్వింది ముబష్షిరా. "ఆ పక్క ఏసినప్పుడు ఇది గూడ ఏడ్వలే గదా. మంచిగ కనవడే కన్ను మూస్తెనే పిల్లలు గిట్ల పరేషాన్ అయితరు."

అమ్మ అప్పటికే చెప్పుల కోసం తలుపు దగ్గరికి పోయింది. వదిన బల్ల మీదికి వంగి గొంతు తగ్గించింది. వెనక నేనున్నానని ఆమెకు గుర్తున్నట్టు లేదు.

"కుడి పక్క పాలిస్తే నా నల్లపూసలతోని ఆడుకుంటది మేడం. ఎడమ పక్క పండవెడితే ఆడదు. చెయ్యికి తగిలితెనే పట్టుకుంటది. మస్తు రోజుల సంది సూస్తున్న."

ముబష్షిరా నవ్వు ఆగింది. "కుడి పక్క తాగేటప్పుడు కుడి కన్ను బయటికుంటది, ఎడమది నీ ఒంటికి మూసుకపోతది. ఎడమ పక్క తాగేటప్పుడు ఎడమదే బయటికుంటది. రోజూ ఈ పరీక్ష నువ్వు ఇంట్లనే చేస్తున్నవక్కా. పెద్ద దవాఖానకు తీస్కపో, లేట్ చెయ్యకు. గిట్లనే వదిలేస్తే మెదడు ఆ కన్నును వాడుడు మానేస్తది. పెద్దగైనంక అద్దాలు పెట్టినా లాభముండది."

ఆ సాయంత్రం సబ్బు కొనడానికి వచ్చినవాళ్లకూ, ఉప్పు కొనడానికి వచ్చినవాళ్లకూ అమ్మ మనుమరాలు పాసైందని చెప్పింది. అన్న రాత్రంతా ఎయిర్‌పోర్టు క్యాబ్ నడిపి పగలు పడుకుంటాడు. వదిన అడిగితే "పాసైంది గదా, ఇంకేంది?" అని దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. ఇంకోసారి అడిగితే ఎల్లుండి అన్నాడు. మా ఇంట్లో ఎల్లుండి అనేది ఎప్పుడూ రాదు.

ఒకరోజు వదిన పిల్లకు గౌను తొడిగి స్టూలు దాకా వచ్చింది.

"యాడికి?"

"దవాఖానకు."

"ఎవరికి బాగలేదు?"

వదిన వెనక్కి తిరిగింది. లోపలికి వచ్చి గౌను గుండీలు విప్పింది. మా కప్పు మీంచి విమానం పోయింది. రుత్విక వేలు పెట్టి చూపించింది.

తర్వాత కొన్నాళ్లకు, పొద్దున బేరాల వేళ, మా వాడ పెద్దమనిషి మొగులయ్య బీడీల కోసం వచ్చి ఉండగా, వదిన పిల్లతో వచ్చి స్టూలుకూ గడపకూ మధ్య నేల మీద కూర్చుంది.

"తొవ్వల కూసున్నవేందే?"

"పళ్లెం పెట్టు అత్తమ్మా. సోంపు ఎయ్యి."

అమ్మ సంబరంగా కిందికి దిగింది. "సూడు మొగులన్నా, నా మనుమరాలి సదువు."

"పెద్దగైతే సోంపు కంపెనీకే మేనేజరైతది," అన్నాడు మొగులయ్య.

వదిన ఎడమ కన్ను అరచేత్తో మూసింది. రుత్విక ఏరుకుంది. చెయ్యి మార్చి కుడి కన్ను మూసింది. పిల్ల ఏడుస్తూ ఆ చేతిని పీకింది. వదిన వదల్లేదు. చిన్న చెయ్యి పళ్లెం అంచు పక్కన ఖాళీ నేలను తడిమింది.

"ఇగో బిడ్డా, ఇటు," అమ్మ పళ్లెం గలగలలాడించింది.

"సప్పుడు చెయ్యకు అత్తమ్మా."

అమ్మ ఊరుకుంది. కానీ ఆమె వేలు ఊరుకోలేదు. పళ్లెం అంచును మెల్లగా పిల్ల చేతి కిందికి నెట్టింది. వేళ్లకు తగలగానే రుత్విక గుప్పిట పట్టి నోట్లో వేసుకుంది.

"నువ్వే అందిస్తివి గదా సత్తెమ్మా! పోరి యాడ సూసింది?" అన్నాడు మొగులయ్య.

అమ్మ వేలు ఇంకా పళ్లెం మీదే ఉంది. దాన్ని తనే చూసుకుంది.

"పాలిచ్చేటప్పుడు తెలిసింది నాకు," అంది వదిన గట్టిగా. మొగులయ్య బీడీకట్ట తిప్పి చూస్తూ నిలబడ్డాడు. "ఎడమ పక్క తాగేటప్పుడు నా మొకం గూడ సూడది."

"గా ముక్క ముందుగాల చెప్పకపోతివి?"

"ఎవరి ముంగట చెప్పాలె?"

అమ్మ లేచి స్టూలును గోడ వారకు జరిపింది. "చందూ, మీ అన్నను లేపు," అంది నాతో.

ఇప్పుడు రుత్వికకు అద్దాలున్నాయి. రోజూ కొన్ని గంటలు కుడి కంటికి పట్టీ వేయాలి. ఎడమ కంటికి చూపు రావచ్చు, పూర్తిగా రాకపోవచ్చు అన్నారు పెద్ద దవాఖాన డాక్టర్లు. పిల్ల పట్టీ పీకేసుకుంటుంది కాబట్టి ఆ గంటలన్నీ వదిన లోపలి గదిలో గొళ్లెం పెట్టుకుని దాని చేతులు పట్టుకుని కూర్చుంటుంది. ఫ్యాక్టరీ మాట ఇక ఎత్తదు. ఏడుపు దుకాణం దాకా వినిపిస్తుంది.

నిన్న అమ్మ కూడా లోపలికి పోయింది. పళ్లెంలో సోంపు చల్లి, కుడిచేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చుంది. రుత్విక ఏడ్చి ఏడ్చి ఆగింది. అద్దాలు పళ్లేనికి తగిలేంతగా వంగింది. ఎర్ర సోంపు మీద వేలు పెట్టింది. అది జారింది. మళ్లీ పెట్టింది. అమ్మ భుజం కదిలింది, చెయ్యి మాత్రం బయటికి రాలేదు.

పిల్ల విసుగొచ్చి పళ్లెం తన్నేసింది. వదిన సోంపంతా ఏరి, మళ్లీ పరిచింది.