హీరోను బోర్లా పడుకోబెట్టిన వజ్రమ్మ

సూరత్‌లో భేస్తాన్ లైన్ గదులన్నీ వెతికినా నాలాగా కథ చెప్పేవాడు దొరకడు. ఈ మాట మొదట అన్నది నేనే, తర్వాత అందరూ ఒప్పుకున్నారు. పదో తరగతిలో నేను బడి మానేశానని గిట్టనివాళ్లు అంటారు. నిజానికి నేనడిగే ప్రశ్నలకు తట్టుకోలేక బడే నన్ను మానేసింది. అలాంటి నా కథలను కూడా కత్తిరించి పారేసిన మనిషి ఒక్కతే ఉంది. వజ్రమ్మ.

సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి పెళ్లికూతురుగా వచ్చింది. ముందు గదిలో కూర్చుని కార్ఖానాకు బాబిన్లు చుడుతుంది, నాలాంటి ఒంటిగాళ్లకు ఇంత వండి పెడుతుంది. భర్త సోమలింగంది కరెంటు మగ్గాల మీద పని. ఆ మోతకు ఆయన చెవులు ఎప్పుడో పోయాయి. కార్ఖానాలో ఎవరూ నోటితో మాట్లాడరు. రెండు వేళ్లు కలిపి విడదీస్తే దారం తెగిందని, మీసం మెలేస్తే సేఠ్ వస్తున్నాడని, అరచేయి కిందికి నొక్కితే మగ్గం ఆపమని. మిగతాదంతా ఎదుటివాడి పెదాలు చూసి తెలుసుకోవాలి. వజ్రమ్మ ఆ చేతిమాటంతా నేర్చుకుంది. సాయంత్రం 'సుగుణమ్మ గారి మూడో కోడలు' సీరియల్ వస్తుంటే టీవీ పక్కన నిలబడి, అత్త మూతి విరుపు దగ్గర్నుంచి కోడలి ఏడుపు దాకా చేతులతో మొగుడికి చెప్పేది. మూడో కోడలి మొగుడు, హీరో విక్రాంత్ చేయని హత్యకు జైలుకు పోయిన రోజు సోమలింగం అన్నం ముట్టలేదు. నేను నవ్వితే చెంబు విసిరాడు.

కరోనా రెండోసారి ఊరి మీద పడ్డప్పుడు ఆయన్ను సర్కారు దవాఖానలో చేర్చారు. లోపలికి ఎవర్నీ పోనివ్వరు. అక్కడ అందరి మూతులకూ గుడ్డలు, ఒళ్లంతా తెల్ల తొడుగులు. పెదాలు చూసి మాట తెలుసుకునే మనిషికి అక్కడ ఒక్క పెదవి కనబడదు. భయపడిపోయి ఆక్సిజన్ మాస్కు పీకి పారేయడం మొదలుపెట్టాడు. ఆ వార్డులో హిమశ్రీ అని మన తెలుగు డాక్టరమ్మ ఉంది. ఆమె వజ్రమ్మకు వీడియో కాల్ కలిపింది. ఏం చెప్పాలో తోచక వజ్రమ్మ ఆ రోజు సీరియల్ చెప్పింది. సోమలింగం మాస్కు ముట్టకుండా చివరిదాకా చూశాడు. తర్వాత బోర్లా పడుకోబెడితే పడుకున్నాడు.

"రోజూ ఇట్లాగే చెప్పండమ్మా. బోర్లా పడుకుంటేనే ఆయనకు ఊపిరి అందేది" అంది హిమశ్రీ.

సరిగ్గా అప్పుడే సీరియల్ ఆగిపోయింది. ఆ కబురు మోసుకొచ్చింది నేనే. మంచిదైనా చెడ్డదైనా భేస్తాన్‌లో కబురు ముందు నా చెవిన పడాల్సిందే.

"వదినె, మీ సీరియల్ ఇగ రాదట. రాసెటోళ్లు సమ్మె జేసిన్రట. పోయిన లాక్‌డౌన్‌ల రాసినదానికి పైసలియ్యలేదట. ఇచ్చేదాంక ఒక్క కాయిదం గూడ ఇయ్యమన్నరట."

పక్కగది కనకవ్వ గయ్యిమంది. "ఇంట్ల కూసోని రాసెటోళ్లకు ఏం మాయరోగమొచ్చింది? వాళ్ల చేతులు పడిపోను!"

"అట్ల తిట్టకు కనకవ్వా. కూలి ఇయ్యకుంటె మనోళ్లు మగ్గాలు బంద్ వెట్టలేదా? వాళ్లు గంతే" అంది వజ్రమ్మ. అని లోపలికి పోయి బాబిన్ల బుట్ట మీద తల పెట్టుకుంది.

టీవీలో పాత ఎపిసోడ్లే మళ్లీ తిప్పారు. వజ్రమ్మ వాటిలోదే ఒకటి చెప్పింది. సోమలింగం సగంలోనే పట్టేశాడు. ఇది అయిపోయిందని చేతులు విదిలించి, మాస్కు లాగేశాడు. ఫోన్‌లో వార్డు కప్పు ఊగింది, ఎవరివో కాళ్లు పరుగెత్తాయి, కాల్ కట్టయింది. తర్వాత హిమశ్రీ ఫోన్ చేసింది. "ఆక్సిజన్ చాలా పడిపోయిందమ్మా. ఇంకోసారి ఇట్లా చేస్తే నా చేతిలో ఉండదు."

వజ్రమ్మ నేరుగా నా గది ముందుకొచ్చి నిలబడింది. "పరుశురాం, నువ్వు అబద్ధాలు మస్తు చెప్తవ్ గద. విక్రాంత్ ఏమైండో చెప్పురా."

పుట్టినప్పటినుంచీ నేను ఎదురుచూస్తున్న మాట అది. విక్రాంత్ చేత జైలు చువ్వలు కోయించాను. గోడ దూకించాను. వరదలో ఉన్న మన సూరత్ తాపీ నదిలో మొసలెక్కించి ఇక్కడి అమ్రోలి ఒడ్డుకు చేర్చాను.

"హైదరాబాద్ జైలు కాడికి తాపీ ఎట్లొచ్చిందిరా?"

"కథ జోరు మీదున్నప్పుడు నదులే దారి మార్చుకుంటయ్ వదినె."

ఆమె నవ్వలేదు. కానీ మొసలితో సహా అంతా చెప్పింది. సోమలింగం కళ్లు మెరిశాయి. నేనా రాత్రి భేస్తాన్‌లో నా విగ్రహం ఎక్కడ పెడితే బాగుంటుందో ఆలోచిస్తూ పడుకున్నాను.

తెల్లారాక హిమశ్రీ ఫోన్. సోమలింగం గొట్టాలు పీక్కుని, గోడ పట్టుకుని వార్డు తలుపు దాకా నడిచి కింద పడ్డాడు. ఎత్తి పడుకోబెడుతుంటే గోడ దూకినట్టు చెయ్యి ఆడిస్తూనే ఉన్నాడట. విక్రాంత్ పారిపోయాడు, నేనూ పోతానని.

వజ్రమ్మ నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టలేదు. గడపలో కూర్చుని, "ఆ పోరన్ని మల్ల జైల్ల ఎయ్యి" అంది.

"మొసలెక్కి పోయినోన్ని ఎట్లేస్తనే?"

"పోలీసులు వట్టుకున్నరు. బోర్ల పండుకోమన్నరు. పండుకున్నడు."

"గసుంటి కథ ఎవడు జూస్తడు వదినె?"

"ఆయిన జూస్తడు."

ఆ రోజు నుంచి నా బతుకు చూడాలి. మొసళ్లను దూడల్లా తోలినవాణ్ణి, ఒక మనిషి కదలకుండా పడుకునే కథ అల్లలేక చెమటలు కక్కాను. విక్రాంత్ బోర్లా పడుకున్నాడు. జైల్లో దుమ్మని మూతికి గుడ్డ కట్టుకున్నాడు. జొన్న గటక రెండు ముద్దలు తిన్నాడు. అతని పెళ్లాం జైలు గేటు దగ్గర నిలబడింది, లోపలికి పోనివ్వలేదు, రేపూ వస్తానంది. ఈ చివరి ముక్క నేను అల్లింది కాదు. వజ్రమ్మే కలిపింది. అది చెప్పేటప్పుడు ఆమె చేతులు మెల్లగా కదిలేవి.

కాల్ అయిపోయాక ఒక్కోసారి గోడకు చెప్పినట్టు చెప్పేది. "పక్క మంచం మీద మనిషి మారిండు." రెండ్రోజులకు మళ్లీ అదే మాట.

ఒకరోజు నా బుర్రలో ఏమీ మిగల్లేదు. "వదినె, నేను గూడ సమ్మె జేస్త" అన్నాను.

"చెయ్యి. వాళ్లు ఎన్నడు తిరిగొచ్చినా సీరియల్ నడుస్తది. నువ్వొచ్చేదాంక ఆయిన ఉంటడా?"

మళ్లీ కూర్చున్నాను. ఆ రోజు విక్రాంత్ జైలు గోడ మీద చీమ పాకడం చూశాడు. చీమ పడింది, మళ్లీ ఎక్కింది. ఎపిసోడంతా అంతే. సోమలింగం రెప్ప వేయకుండా చూశాడు.

అంతలో సమ్మె తీరింది. అసలు సీరియల్ మళ్లీ మొదలైంది. విక్రాంత్ వేషగాడు ఈ లోపల ఇంకో సీరియల్‌కు పోయాడట. రాసేవాళ్లు ఏం చేస్తారు? విక్రాంత్‌ను చంపేశారు. మూడో కోడలు బొట్టు తీసేసి, దండ వేసిన విక్రాంత్ ఫొటో ముందు ఏడుస్తోంది. కనకవ్వ నోరు నొక్కుకుంది.

"వాళ్లకేం ఎరుక, ఈడ ఒగాయిన పండుకోని సూస్తుండని" అంది వజ్రమ్మ. అప్పుడే ఫోన్ మోగింది. చేతులు కొంగులో గట్టిగా పిసికి పైకెత్తింది. విక్రాంత్ ఇవాళ రొట్టె మొత్తం తిన్నాడు, జైలరు మెచ్చుకున్నాడు, ఇంకొన్నాళ్లు ఓపిక పట్టమన్నాడు. నేను సేఠులతో, పోలీసులతో, ఆఖరికి దేవుడితోనూ అబద్ధాలాడినవాణ్ణి. ఆమె పడ్డంత కష్టం పడి ఎప్పుడూ ఆడలేదు.

ఇంటికి పంపిస్తామని హిమశ్రీ చెప్పిన సాయంత్రమే వజ్రమ్మ జైలు గేటు తీసింది. పోలీసులు సలాం కొట్టగా విక్రాంత్ నడిచి వచ్చాడు. మొసలి లేదు. నేనడిగాను, ఒప్పుకోలేదు.

సోమలింగం ఆటో దిగితే గుర్తుపట్టలేకపోయాను. ఎముకలకు చొక్కా తొడిగినట్టున్నాడు. నాలుగడుగులకు ఒకసారి ఆగి, వచ్చి చాప మీద కూర్చున్నాడు. మేం అడ్డుపడేలోపే రిమోట్ నొక్కాడు.

దండ వేసిన ఫొటో. దాని ముందు మూడో కోడలు.

సోమలింగం ఆ ఫొటోను చూశాడు. తర్వాత వజ్రమ్మను చూశాడు. ఆమె చేతులు రెండూ కిందికి వేలాడుతున్నాయి, లేవడం లేదు.

ఆయన అరచేయి ఎత్తి కిందికి నొక్కాడు. మగ్గం ఆపమని.

నేను పోయి టీవీ కట్టేశాను. ఆయన గోడకు చేరబడి, వజ్రమ్మ వైపు తిరిగి గడ్డం ఎగరేశాడు. ఊఁ, తర్వాత?

జైలు నుంచి వచ్చినవాడు ఏం చేయాలో మేం అనుకోనే లేదు. వజ్రమ్మ కళ్లు తుడుచుకుని నా వైపు చూసింది.

"వదినె, ఇప్పుడన్న ఆ మొసలిని..." అన్నాను.

ఆమె నా ముఖం ముందు అరచేయి కిందికి నొక్కింది.