ఇస్త్రీ బల్ల ఉద్యోగం

మా బావగారు ఆఫీసులో రికార్డుల గుమాస్తా. నడుంనొప్పి వల్ల కుర్చీలోంచి లేవాలంటే ఆయనకు ప్రాణం మీదకొచ్చేది. అందుకే మేనేజరు ఎదురుగా వచ్చినా లేచేవారు కాదు. "వీడికెంత పొగరు!" అని మేనేజరు పళ్లు నూరేవాడు.

డాక్టరు నిలబడి పని చెయ్యమన్నాడు. అక్క వెంటనే ఇస్త్రీ బల్ల తెచ్చి అప్పజెప్పింది. "ఇరవయ్యేళ్లుగా దీని ముందు నేను నిలబడట్లా? పట్టుకెళ్లండి!"

బావగారు దానిమీదే ఫైళ్లు పరుచుకుని నెలంతా నిలబడ్డారు. నొప్పి తగ్గింది. ఎప్పుడొచ్చినా మనిషి నిలబడే కనిపించేసరికి మేనేజరు కరిగిపోయాడు.

"మీ మర్యాదకి మెచ్చానండీ! ఇక కూర్చోండి," అంటూ ఇస్త్రీ బల్లను ఇంటికి పంపించేసి, మెత్తటి కుర్చీ వేయించాడు.

కాదంటే ఏం బావుంటుంది? బావగారు కూర్చున్నారు. వారం తిరక్కుండానే నొప్పి తిరిగొచ్చింది. మేనేజరు లెక్కలో పొగరు కూడా.