కవర్ల మీది పాత అడ్రసు

ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు కొనుక్కున్న మొదటి చలికాలం, మా ఇంటి ముందు మంచు తీసింది మా పక్కింటి పెద్దాయన. మేం లేచి తలుపు తీసేసరికి కారు వెనక దారంతా శుభ్రంగా ఉంది. ఆయన పార పట్టుకుని వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోతున్నాడు. వయసులో ఉన్నప్పుడు మెరైన్ దళంలో ట్రక్కుల మెకానిక్, ఆ తరువాత రిటైరయ్యేదాకా కార్ల ఫ్యాక్టరీలో పని. మాట్లాడడం తక్కువ. ఆయన వాటా మాటలు కూడా వాళ్లావిడే మాట్లాడేది.

నేనిచ్చిన దోసగింజలు ఆవిడ పెరట్లో విరగకాసేవి, మా పెరట్లో మొలిచేవి కూడా కావు. "మొక్కల్ని రోజూ పలకరించాలి, నువ్వు ఎప్పుడూ మీటింగుల్లో ఉంటావు" అని నన్ను కోప్పడి, బుట్టెడు కాయలు తెచ్చి వంటింట్లో పెట్టి పోయేది.

ఆవిడకి కిడ్నీలో క్యాన్సర్ అని తెలిసింది మేం వచ్చిన మూడో ఏడు. ఆపరేషన్ చేసి ఒక కిడ్నీ తీసేశారు. కోలుకుంటున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం చేతిలో కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"ఆయన సొరుగులో దొరికింది. అడిగితే మాట్లాడడు. నువ్వు చదివి చెప్పు."

మాజీ సైనికులకు ప్రభుత్వం పంపిన ఉత్తరం అది. పెళ్లయిన కొత్తలో వాళ్లు కాపురమున్న సైనిక స్థావరంలో, తాగే నీళ్ల బావుల్లో యంత్రాలు కడిగే రసాయనాలు కలిశాయట. ఆ నీళ్లు తాగిన సైనికులకే కాదు, అక్కడి క్వార్టర్లలో ఉన్న కుటుంబాలకు కూడా కొన్ని జబ్బుల వైద్యానికి సాయం అందుతుందని రాసి, కింద ఆ జబ్బుల పేర్లు ఇచ్చారు. కిడ్నీ క్యాన్సర్ ఉంది. ఆవిడ వేలు మాత్రం ఇంకో వరుస దగ్గర ఆగింది. గర్భస్రావం.

"రెండుసార్లు" అంది. "రెండూ అక్కడే."

వాళ్లకి పిల్లలు లేరని నాకు తెలుసు. ఎందుకు లేరని ఎప్పుడూ అడగలేదు.

దరఖాస్తు ఎందుకు పెట్టలేదని ఆ సాయంత్రం ఆయన్ని అడిగాను. "నేను రెండు కాళ్లతో తిరిగొచ్చాను. సాయం అవసరమైనవాళ్లు వేరే ఉన్నారు" అన్నాడు.

"ఇది మీ కోసం కాదు, ఆవిడ కోసం."

ఆయన వంగి బూట్ల తాళ్లు బిగించుకున్నాడు. "తనని అక్కడికి తీసుకెళ్లింది నేనే కదా" అన్నాడు. సొరుగులో ఉత్తరం ఎందుకు దాచాడో అప్పుడు అర్థమైంది.

దరఖాస్తు పెట్టాం. కొన్ని వారాలకు తిరస్కరించారు. ఆయన అక్కడ పని చేసినట్టు రికార్డుంది కానీ, ఆవిడ అక్కడ నివసించినట్టు ఆధారం లేదట. క్వార్టర్ కాగితాలేమో ఒకప్పుడు బేస్‌మెంట్‌లోకి వాన నీళ్లొచ్చి తడిసి పాడైపోయాయి. ఆవిడ ఇక వదిలేద్దామంది. నేను ఊరుకోలేదు. పదిహేనేళ్లుగా వీసా కాగితాలతో కాపురం చేస్తున్నదాన్ని. మా పెళ్లి నిజమైన పెళ్లేనని రుజువు చేయడానికి ఫొటోలూ శుభలేఖా జతచేసి పంపినదాన్ని.

"ఇది డినయల్ కాదు, ఇంకా ఎవిడెన్స్ అడుగుతున్నారంతే" అన్నాను మావారితో.

ఆయన నవ్వాడు. "మన గ్రీన్ కార్డ్ ఫైల్ కూడా ఇంత సీరియస్‌గా ట్రాక్ చేయలేదు నువ్వు. సరే, స్కాన్ చేయడం నా డ్యూటీ."

ఆ రోజుల్లో ఎవరికైనా ఉత్తరాలు రాశారా అని ఆవిడని అడిగాను. ఒహాయోలో అక్క ఉంది. ఫోన్ చేస్తే, "నువ్వు రాసినవన్నీ కుట్టుపని డబ్బాలో ఉన్నాయి, పారేయడానికి మనసొప్పలేదు" అందట ఆ అక్క. వారంలో పార్సిల్ వచ్చింది. పాతిక దాకా ఉత్తరాలు, అన్నీ కవర్లతో సహా. ప్రతి కవరు మూలన గుండ్రటి చేతిరాతలో వీధి పేరు, క్వార్టర్ నంబరు, స్థావరం పేరు. స్టాంపు మీద పోస్టాఫీసు ముద్ర, తేదీ. మా డైనింగ్ టేబుల్ మీద నెలల వారీగా పేర్చాం. ఆవిడ ఒక ఉత్తరం తీసి ఉత్సాహంగా పైకి చదవడం మొదలుపెట్టింది.

"ఎండలు మండిపోతున్నాయక్కా. రోజూ పెద్ద జగ్గునిండా నిమ్మరసం కలిపి వీధిలో పిల్లలందరికీ పోస్తున్నాను. సాయంత్రమయ్యేసరికి మా మెట్ల మీద..."

ఉత్తరం టేబుల్ మీద పెట్టేసింది.

"ఆ పిల్లలకి నా చేత్తో పోశాను" అంది.

గుమ్మం దగ్గర నిలబడ్డ ఆయన లోపలికొచ్చి ఆవిడ పక్కన కూచున్నాడు.

"మన పంపు కాకపోతే వాళ్లింటి పంపు. అందరివీ అవే నీళ్లు. నువ్వు కలిపింది చక్కెరా నిమ్మకాయా. అంతే."

ఆవిడ ఆయన భుజానికి తల ఆనించింది. నేను టీ పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆయన కాగితం, కలం అడిగాడు. తనే వాంగ్మూలం రాస్తానన్నాడు. కలం పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. అయినా టైప్ చేస్తానంటే ఒప్పుకోలేదు. పెళ్లయిన నెలకి భార్యను తీసుకెళ్లానని, రెండేళ్లు అక్కడ ఉన్నామని రాసి, "ప్రతి సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి ఆమె అక్కడ ఉంది" అని ముగించాడు. దరఖాస్తుకి ఆ చివరి వాక్యం అక్కర్లేదు. కొట్టేయమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

వేసవి మొదట్లో జవాబు వచ్చింది. కవరు విప్పకుండా ఇద్దరూ మా ఇంటికే తెచ్చారు. నేనే చదివాను. మంజూరు చేశారు. ఇన్సూరెన్స్ ఇవ్వగా మిగిలిన కిడ్నీ వైద్యం ఖర్చు ఇకమీదట వాళ్లే భరిస్తారు.

"నేనక్కడ ఉన్నానని ఒప్పుకున్నారు" అంది ఆవిడ. వైద్యం మాట తరువాతెప్పుడో ఎత్తింది. ఆ వెంటనే మొగుడి వైపు తిరిగింది. "ఆ చెయ్యి డాక్టరుకి చూపించాలి. ఇప్పుడు నీ వంతు."

ఆయన నా వైపు చూశాడు, కాపాడమన్నట్టు. నేను పట్టించుకోలేదు. పరీక్షల్లో పార్కిన్సన్స్ అని తేలింది. అదీ సైనికుల జబ్బుల జాబితాలో ఉంది. ఈసారి ఆయన వెంటనే సంతకం పెట్టాడు. ఆయన దరఖాస్తు ఇంకా నడుస్తోంది. ఆవిడ స్కాన్లు ఇప్పటిదాకా బాగానే వచ్చాయి. ఆస్పత్రికి తీసుకెళ్లేది నేనే. దారంతా నా డ్రైవింగ్‌కి వంకలు పెడుతుంది.

మొన్న శనివారం తలుపు తడితే ఆయన నిలబడి ఉన్నాడు, పక్కన ఇంకో ముసలాయన. ఆ ముసలాయన చేతిలో కిరాణా సంచి నిండా కాగితాలు.

"ఇతనూ అదే బేస్‌లో ఉండేవాడు. భార్య పోయింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదట" అన్నాడు మా పెద్దాయన.

డైనింగ్ టేబుల్ మీద మా అమ్మాయి పుస్తకాలు పక్కకి జరిపి, ఇద్దరికీ కుర్చీలు లాగాను.

"ముందు పెళ్లి సర్టిఫికెట్ ఉందేమో వెతుకుదాం" అన్నాను.