వేలు చూపే ముందు చేతులు కడుక్కోమన్న సుగుణ మేడమ్

డాక్టర్ సుగుణ దివంగతులయ్యారన్న వార్త ఎల్బీనగర్ చౌరస్తాలో, బస్సులో నిలబడి ఉండగా ఫోన్‌లో అందింది. ముందురోజు మధ్యాహ్నమే మా పాథాలజీ ల్యాబ్‌లో మైక్రోస్కోపు కింద స్లైడు సరిగా చూడలేదని నన్ను చెడామడా తిట్టిన మనిషి తెల్లారేసరికి లేకపోవడమేమిటి? దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన సంతాప సభలో ఒక వక్త ఆమెను సౌమ్యమూర్తి అన్నారు. శిష్యురాలిగా ఆ మాటను ఖండిస్తున్నాను. ఆమె సౌమ్యురాలు కారు. కారు గనుకే ఒక కుటుంబం ఇవాళ తలెత్తుకుని బతుకుతోంది.

వనస్థలిపురంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన శాకాహారుల ఇల్లు. కాలేజీలో చదువుతున్న అమ్మాయి కాలేయంలో నీటితిత్తి బయటపడింది. బద్దెపురుగు గుడ్లు నోట్లోకి పోతే లోపల పెరిగే తిత్తి అది. ఆపరేషన్‌లో తీసి మా ల్యాబ్‌కు పంపారు. వెనకే తండ్రి వచ్చారు.

"కింద వాటాలో నల్గొండ వాళ్లున్నారండీ. ఆదివారం వచ్చిందంటే మాంసమే. వాళ్ల వల్లే వచ్చిందని రాసివ్వండి మేడమ్, ఖాళీ చేయించేస్తాను."

"వాళ్లు కిరాయికొచ్చి ఎన్నాళ్లయింది సారూ?"

"ఆర్నెల్లండీ."

"గీ తిత్తి ఇంత పెరగాలంటే ఏండ్లు పడ్తది. వాళ్లు రాకముందే మీ ఇంట్ల పడ్డది."

మరొకరైతే అక్కడితో చేతులు దులుపుకునేవారు. ఆమె పరీక్షలు చేయించి, అది గొర్రెకూ కుక్కకూ మధ్య తిరిగే రకమని తేల్చి, నన్ను వెంటబెట్టుకుని ఆ ఇంటికి బయలుదేరారు. గుమ్మం ముందు ఒక వీధికుక్క పడుకుని ఉంది. కాలభైరవుడి పేరిట ఆ ఇంటివారు ఏళ్లుగా దానికి పెరుగన్నం పెడుతున్నారు. అమ్మాయి దాన్ని నిమిరి, అదే చేత్తో టిఫిన్ తినేది. ఆదివారాలు ఆ కుక్క మకాం వీధి చివరి మటన్ దుకాణం వెనక. తిత్తులున్న గొర్రె ఊపిరితిత్తుల్ని దుకాణదారు పచ్చిగానే దానికి విసిరేవాడు. అలా కుక్క పేగుల్లో పురుగు చేరింది, దాని మలంలో గుడ్లు వచ్చాయి, ఒంటి బొచ్చు మీంచి అవి అమ్మాయి చేతికంటాయి. కింద వాటాలో వండుకు తిన్న కూరకు ఇందులో పూచికపుల్లంత పాత్ర లేదు.

కింద వాటాలో ఉండే యాదమ్మ కళ్లొత్తుకుంటూ, "మేమేం జేసినమమ్మా? మూటలు గూడ కట్టుకున్నం" అంది.

"ఇప్పు ఆ మూటలు" అన్నారు మేడమ్. ఇంటాయన వైపు తిరిగి, "వేలు చూపే ముందు చేతులు కడుక్కోవాలె సారూ" అన్నారు. ఆయన తలదించుకున్నారు.

కాలనీవాళ్లు కుక్కలకు విషం పెడతామంటే మేడమ్ వాళ్లమీదా విరుచుకుపడ్డారు. "కుక్కేం జేసింది? పచ్చిది ఏసే చేతిని ఆపుండ్రి." కుక్కకు పురుగుల మందు వేయించారు. దుకాణం ముందు తానే నిలబడి, వ్యర్థాలను గోతిలో పూడ్చేదాకా కదల్లేదు.

సంతాప సభలో యాదమ్మ చివరి వరుసలో కూర్చుంది. "ఇంకా గా ఇంట్లనే ఉంటున్నం" అని మాత్రం నాతో చెప్పింది. ఎన్ని ఉపన్యాసాలు దానికి సరితూగుతాయి? ఆ మహనీయురాలి లోటు తీరేది కాదు, తీరుతుందని ఎవరన్నా నేనొప్పుకోను.

నిన్న పెద్ద అంబర్‌పేట్ నుంచి మరో తిత్తి వచ్చింది. ఇంట్లో పనిచేసే మనిషి వల్లే వచ్చిందని రాయమన్నారు. మీరు తిట్టి తిట్టి నేర్పిన కళ్లతోనే చూశాను మేడమ్. రాయనన్నాను. రేపు ఆ ఇంటికి పోతున్నాను.