ఆది చెయ్యి

ఆ దర్జీ పొద్దున్నే షాపు తెరిచి మొట్టమొదట కొలతలు తీసేది తన పిక్కలకే. ముందు ఎడమ పిక్క, తర్వాత కుడి పిక్క. కస్టమర్ల కొలతల పుస్తకం చివరి పేజీల్లో తేదీ వేసి మరీ రాసుకునేవాడు. తర్వాత మడమల మీద గుమ్మం దాకా నడిచి, మునివేళ్ళ మీద మెషీన్ దాకా తిరిగొచ్చేవాడు. ఆ పైన ట్రయల్ రూములో దూరి, అద్దంలో నాలుక చాపి, అది వణుకుతోందేమో చూసుకునేవాడు. ఒకసారి లోపల ప్యాంటు వేసుకుంటున్న పెద్దమనిషిని గమనించలేదు. ఆయన బయటికొచ్చి, "ప్యాంటు బాగానే ఉంది గానీ, మీరు నన్ను వెక్కిరించడమే బాగాలేదు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఇదంతా ఏఎల్‌ఎస్ అనే జబ్బు మీద భయం. కండల్ని కదిలించే నరాలు ఒక్కొక్కటే చచ్చి, చేతులూ కాళ్ళూ చిక్కిపోయి, ఆఖరికి మాట కూడా పడిపోయే జబ్బది. నూటికో కోటికో ఒకరికి వస్తుంది. మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం మెషీన్ తొక్కుతుంటే అతని ఎడమ పిక్క టపటపా అదిరింది. ఊరుకోవచ్చు కదా! ఫోను తీసి, ఎందుకు అదిరిందో వెతికాడు. సాయంత్రానికల్లా చెల్లెలి దగ్గరికొచ్చి, "అమ్మాయ్, నేనింక ఎన్నాళ్ళో ఉండను" అన్నాడు.

ఆ షాపులో కొలతలు తీసేదీ కుట్టేదీ అన్న, గుడ్డ కత్తిరించేది చెల్లెలు. ఇరవై ఏళ్ళుగా అదే పద్ధతి. ఆమె కత్తెర ఆపకుండానే, "పొద్దస్తమానం మెషీన్ తొక్కితే పిక్క అదరక ముక్కు అదురుతుందా?" అంది.

"ముక్కు కూడా అదిరింది. భయపడతావని చెప్పలేదు."

నరాల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ సుత్తితో మోకాళ్ళ మీద కొట్టింది, చేతులు నొక్కి చూసింది, కండల్లోకి సూదులు గుచ్చే పరీక్ష కూడా చేయించింది. "మీకేమీ లేదండీ. కండ అదరడం చాలామందికి ఉంటుంది. భయపడుతుంటే ఇంకాస్త అదురుతుంది" అని చెప్పి పంపింది. పదకొండు రోజులు అతను ఈల వేసుకుంటూ బట్టలు కుట్టాడు. పన్నెండో రోజు బొటనవేలు అదిరింది. అలా మూడేళ్ళలో నాలుగుసార్లు ఆస్పత్రికి వెళ్ళాడు, నాలుగుసార్లూ చెల్లెలు షాపు మూసి తోడు వెళ్ళింది.

వీధిలో అందరూ నవ్వేవాళ్ళే గానీ, ఎదురుకొట్లో తాళాలు బాగుచేసే ఆయన నవ్వు వేరు. బల్ల మీద మోచెయ్యి ఆనించి తాళంచెవికి ఆకురాయి పెడుతూనే, "ఏమోయ్ దర్జీ, ఉన్నావా, పోయావా?" అని రోజూ ఇటువైపు ఒక కేక పెట్టేవాడు.

"ఇప్పటికి ఉన్నాను. సాయంత్రం సంగతి చెప్పలేను" అని దర్జీ ఇక్కణ్ణుంచి బదులిచ్చేవాడు.

ఇలా ఉండగా ఒకరోజు ఎడమ పిక్క నిజంగానే పావు అంగుళం తగ్గింది. మళ్ళీ కొలిచాడు. తగ్గింది. కుడి పిక్క కొలిచాడు. అదీ తగ్గింది. మెడలో టేపుతోనే స్టూలు మీద కూలబడిపోయాడు. చెల్లెలు నవ్వబోయి, అతని మొహం చూసి ఆగింది.

"నువ్వు నవ్వుతావు. వీధంతా నవ్వుతుంది. నాకొచ్చిన పని ఇదొక్కటే తల్లీ. రేపు ఈ వేళ్ళు నా మాట వినకపోతే నేనెవర్ని?" అన్నాడు. చెల్లెలు వెళ్ళి టీ పెట్టుకొచ్చింది.

ఆ నెలలోనే ఇంకో గొడవ మొదలైంది. కొత్త చొక్కాలన్నీ బిగుతని తిరిగొస్తున్నాయి. "మీరు ఒళ్ళు చేశారు" అని దర్జీ, "మీ కళ్ళు చెదిరాయి" అని కస్టమర్లు. చెల్లెలికి అనుమానం వచ్చి కొలతల పుస్తకం ముందేసుకుంది. రొట్టెల కొట్టాయన ఛాతీ ముప్పావు అంగుళం తగ్గింది. బడి పంతులమ్మ నడుం అర అంగుళం తగ్గింది. ఊళ్ళో అందరూ చిక్కిపోతున్నారు, అందరికీ బట్టలు మాత్రం బిగుతవుతున్నాయి! ఆమె లేచి అన్న మెడలో టేపు లాగి, తను కత్తిరించడానికి వాడే ఇనప స్కేలు పక్కన పరిచింది. ఏళ్ళ తరబడి లాగీ లాగీ టేపు సాగిపోయింది. టేపు ముప్పై ఆరు అంటున్నచోట స్కేలు ముప్పావు అంగుళం ఎక్కువ చూపిస్తోంది.

"నీ పిక్క తగ్గలేదు మహానుభావా, టేపు పెరిగింది!"

దర్జీ కొత్త టేపుతో కొలుచుకుని, పిక్కలు రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయని చూసుకుని, చెల్లెలి చేతులు పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఇంక జన్మలో ఆస్పత్రి మాటెత్తనన్నాడు. 

"ఎత్తావో, ఆ బట్టల ఫ్యాక్టరీవాళ్ళు కటింగుకి రమ్మని ఎప్పట్నుంచో పిలుస్తున్నారు. నా కత్తెర పట్టుకుని వెళ్ళిపోతాను. ఉత్తుత్తి బెదిరింపు కాదు అన్నయ్యా, నాకూ ఓపిక అయిపోయింది" అంది చెల్లెలు. అతను తలూపాడు. ఆమె అన్నంత పనీ చేసే మనిషని అతనికి తెలుసు.

ఆరు వారాలు షాపులో ఈల తప్ప ఇంకో చప్పుడు లేదు. అప్పుడు తాళాలాయన కొత్త చొక్కాకి కొలతలివ్వడానికి వచ్చాడు. దర్జీ ఆయన మణికట్టు దగ్గర మామూలుకంటే ఎక్కువసేపు టేపు పట్టుకుని నిలబడ్డాడు. చెల్లెలు అది చూసింది గానీ పట్టించుకోలేదు. ఆయన వెళ్ళాక అన్న బయటికెళ్ళి ఎవరికో ఫోను చేసొచ్చి, "రేపు పదకొండింటికి ఆస్పత్రికి వెళ్తున్నాను" అన్నాడు.

ఆమె చేతిలో కత్తెర ఆగింది. "ఏం అదిరింది ఈసారి?"

"అదరలేదు. చెయ్యి చిక్కింది."

"ఏ చెయ్యి?"

"కుడిచెయ్యి" అన్నాడు గోడ వంక చూస్తూ.

"వెళ్ళు. నేను మాత్రం రాను. నేనన్నది గుర్తుంది కదా?"

"ఉంది" అన్నాడు. వీధి దాటి తాళాలాయన దగ్గరికి వెళ్ళాడు. ఆ తర్వాత జరిగింది వీధంతా విన్నది.

"రేపు నాకు తోడు రావయ్యా ఆస్పత్రికి."

"నేనా! నీకు తోడొస్తే నన్ను చూసి నవ్వరూ?"

"చొక్కా కుట్టించుకునేవాళ్ళు ఏం చేస్తారు? సరిగ్గా సరిపోయే పాత చొక్కా ఒకటి ఆదికి ఇస్తారు. దాన్ని పక్కన పెట్టుకుని కొత్తది కుడతాం. నా చెయ్యి చిక్కిందో లేదో తేలాలంటే పక్కన బాగున్న చెయ్యి ఒకటి ఉండాలా వద్దా? నీ చెయ్యి ఒకపూట ఆదికియ్యి."

వీధి వీధంతా గొల్లుమంది. తాళాలాయన మొహం ఎందుకో ఒక్క క్షణం మాడిపోయింది. అంతలోనే పెద్దగా నవ్వి, "వస్తాన్లే, నీ ఖర్మ" అన్నాడు. చెల్లెలికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

మర్నాడు అన్న వెళ్ళగానే ఆమె ఫ్యాక్టరీకి ఫోను చేసి సోమవారం నుంచి వస్తానని చెప్పింది. షాపు మూసి, తాళంచెవులు అతని మొహాన కొడదామని ఆస్పత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ గది తలుపు ఓరగా తీసి ఉంది.

లోపల అన్న, తాళాలాయన పక్కపక్కన కూర్చుని చేతులు చాపారు. "ఇద్దరూ వేళ్ళు బాగా విప్పండి" అంది డాక్టరమ్మ. అన్న వేళ్ళు సుఖంగా విప్పుకున్నాయి. తాళాలాయన కుడిచేతి ఆఖరి రెండు వేళ్ళు రామని మొరాయించాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ గుంటపడి ఉంది.

"వయసు కదండీ" అన్నాడు తాళాలాయన.

"నిన్న చొక్కా చేతి గుండీ పళ్ళతో పెట్టుకున్నాడు డాక్టరమ్మా. చేతిలోంచి తాళంచెవి రెండుసార్లు జారింది" అన్నాడు దర్జీ.

"దొంగపీనుగా! నన్ను తెచ్చింది ఇందుకా? మరి నీ అపాయింట్‌మెంటు?"

"నీ పేరు మీదే రాయించాను."

తాళాలాయన లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "నేనూ ఫోనులో వెతికానయ్యా. నువ్వు చెప్పే జబ్బే వచ్చింది. రోజూ నిన్ను చూసి నవ్వడం, లోపలికెళ్ళి నా చెయ్యి చూసుకోవడం. చూపించుకుంటే అదేనని తేలుస్తారేమోనని..."

"తెలుసు. ఆ భయంలో నాకు మూడేళ్ళ సర్వీసుంది. నువ్వు కొత్తవాడివి, ఒక్కడివీ పడలేవు" అన్నాడు దర్జీ.

డాక్టరమ్మ తాళాలాయన మోచెయ్యి లోపలివైపు వేలితో తట్టింది. ఆయన "అమ్మో!" అని ఎగిరిపడ్డాడు. "చిటికెనవేలు తిమ్మిరిగా ఉంటుందా?" అంటే, ఎప్పుడూ ఉంటుందన్నాడు. పనిచేసేటప్పుడు మోచెయ్యి ఎక్కడ పెడతారంటే, బల్ల అంచు మీద, ముప్పై ఏళ్ళుగా, అన్నాడు.

"అక్కడే నరం నలిగింది. మీరు భయపడే జబ్బులో ఇలా తిమ్మిరి ఉండదు. ఇది అది కాదు. ఎంత నలిగిందో సూది పరీక్షలో చూద్దాం. ఇంకొన్నాళ్ళు దాచుకుని ఉంటే చెయ్యి పోయేది. ఇప్పుడైతే బాగుచేయొచ్చు."

బయటికి రాగానే దర్జీకి చెల్లెలు కనబడింది. ఆమె చేతిలో తాళంచెవులూ కనబడ్డాయి.

"నాకెందుకు చెప్పలేదు?" అంది.

"ఆయన చెయ్యి సంగతి ఆయనకే చెప్పకుండా నీకెలా చెప్పను?"

"నేను వెళ్ళిపోతానని తెలిసి కూడానా?"

"నువ్వు వెళ్ళినా ఎప్పుడో తిరిగొస్తావు. ఆ చెయ్యి పోతే రాదు కదా" అన్నాడు.

ఆమెకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "పిచ్చి అన్నయ్యా" అని తాళంచెవులు సంచిలో వేసుకుంది. వరండా చివరికి వెళ్ళి ఫ్యాక్టరీకి ఇంకోసారి ఫోను చేసి, సోమవారం రావడం కుదరదని చెప్పి వచ్చింది.

ఇంతలో నర్సు బయటికొచ్చి, "సూది పరీక్షకి ఎవరండీ?" అని పిలిచింది. అలవాటుకొద్దీ దర్జీ లేచాడు. తాళాలాయన అతన్ని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టి, "ఇవాళ నేను" అన్నాడు.

"ఏం కాదు. సూది దిగేటప్పుడు ఒకటి, రెండు అని లెక్కపెట్టుకో. పదికల్లా అయిపోతుంది."

"నువ్వెంతదాకా లెక్కపెట్టావు?"

దర్జీకి బదులు చెల్లెలే చెప్పింది. "ఒకటి అనేలోపే అరిచాడు. కింద టీ తాగుతున్న నాకు వినబడింది."

తాళాలాయన నవ్వుకుంటూ లోపలికి వెళ్ళాడు. కాసేపటికి లోపల్నుంచి "ఒకటి!" అని గట్టిగా వినబడింది. దర్జీ తలుపు దగ్గరికి పరిగెత్తాడు. "రెండు!" అని బయట్నుంచి అతనూ అందుకున్నాడు. మూడు దగ్గర చెల్లెలు కూడా గొంతు కలిపింది.